ముందే బల్బు మార్చకండి: బోటు ట్రెయిలర్ లైట్ల మరమ్మతు

(బోటింగు సీజను మొదలయ్యే ముందు డాలస్ దగ్గర, సొంత పడవలున్న తెలుగువాళ్ళ కోసం ఒక పార్కింగు లాట్‌లో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలనివాళ్ళు ఆ కూలర్ల మీద కూర్చోండి, పర్లేదు. దగ్గరికి రండి. ఈ బల్ల మీద సామాను దగ్గరనుంచి చూస్తేనే అర్థమవుతుంది.

ఇవాళ ఇంజను గురించి మాట్లాడటం లేదు, ప్రొపెల్లరు గురించీ మాట్లాడటం లేదు. లూయిస్‌విల్ లేక్‌కో, రే హబ్బర్డ్‌కో, టెక్సోమాకో పొద్దున్నే బయల్దేరదామని పిల్లల్ని ఎక్కించి, ట్రెయిలర్ తగిలించి, ప్లగ్గు పెట్టి చూస్తే ఎడమవైపు లైటు వెలగదు. దాని గురించి. ఎంతమందికి జరిగింది? చేతులెత్తండి. అబ్బో, కింద ఉన్న చేతులు లెక్కపెట్టడం తేలిక.

లైటు వెలగకపోతే మీరు మొట్టమొదట ఏం చేస్తారు? బల్బు మారుస్తారు. అవునా కాదా? బల్బు మార్చినా వెలగదు. అప్పుడు మొత్తం లైటు మారుస్తారు. అదీ వెలగదు. అప్పుడు ఎవరో చెప్పారని ప్లగ్గు కోసేసి కొత్త ప్లగ్గు వేస్తారు. ఇప్పుడు కుడివైపు కూడా పోతుంది. ఇదీ మామూలుగా జరిగే వరస. ఇవాళ నేను చెప్పేది ఒక్కటే మాట. తప్పు బండిలో ఉందా, ట్రెయిలర్‌లో ఉందా, ముందు అది తేల్చండి. అది తేలేదాకా ఒక్క స్క్రూ కూడా విప్పకండి. తేల్చే చోటు ప్లగ్గు. అటు బండి, ఇటు ట్రెయిలర్, మధ్యలో ప్లగ్గు. అక్కడ నిలబడి అటు చూడండి, ఇటు చూడండి. పదినిమిషాల పని.

దానికి ముందు వైర్లు తెలియాలి. ఇదిగో, నాలుగు తీగల చదును ప్లగ్గు. మనలో చాలామంది ట్రెయిలర్లకి ఉండేది ఇదే. తెల్లది గ్రౌండు. బ్రౌన్ వైరు టెయిల్ లైట్లకి, పక్కనుండే చిన్న మార్కర్ లైట్లకి, నంబరు ప్లేటు లైటుకి. పసుపుది ఎడమ సిగ్నలు, ఎడమ బ్రేకు. ఆకుపచ్చది కుడి సిగ్నలు, కుడి బ్రేకు. గుర్తుండాలంటే ఎడమకి ఎల్లో, రెండూ ‘ఎ’తోనే మొదలు. ఇంకో మాట. మీ బావగారు లోపల కూర్చుని, మీరు వెనక నిలబడి అరుచుకుంటున్నప్పుడు ‘పచ్చ’ అనకండి. మనలో కొందరికి పచ్చంటే పసుపు, కొందరికి పచ్చంటే ఆకుపచ్చ. ఆ ఒక్క మాట దగ్గర అరగంట పోతుంది.

ఈ ప్లగ్గు ఆకారం చూడండి. బండివైపు దానికి మూడు రంధ్రాలు రబ్బరు లోపల దాగి ఉన్నాయి, ఒక్క పిన్ను మాత్రం బయటికి ఉంది. ఆ బయట ఉన్నది ఏది? గ్రౌండు. ట్రెయిలర్‌వైపు సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఎందుకలా? బండివైపు కరెంటు ఉంటుంది. ప్లగ్గు ఊడి బంపరుకి తగిలినా, కరెంటున్న మూడూ లోపలే ఉంటాయి కాబట్టి షార్టు అవదు. బయటికి ఉన్న గ్రౌండు ఇనుముకి తగిలితే నష్టమేం లేదు. ఈ ఏర్పాటు గుర్తు పెట్టుకుంటే ఏ పిన్ను ఏదో రంగు చూడకుండానే తెలుస్తుంది. పాత ట్రెయిలర్లలో రంగులు ఎండకి వెలిసిపోయి అన్నీ బూడిదరంగులోనే ఉంటాయి కదా.

ఇంకో సంగతి. ఈ దేశంలో మామూలుగా ట్రెయిలర్‌కి బ్రేకు లైటూ సిగ్నలూ వేరువేరుగా ఉండవు, ఒకే ఫిలమెంటు రెండు పనులూ చేస్తుంది. ఇదిగో 1157 నంబరు బల్బు. లోపల రెండు ఫిలమెంట్లు. పెద్దది బ్రేకుకీ సిగ్నలుకీ, 2.1 ఆంపులు లాగుతుంది. చిన్నది టెయిల్‌కి, 0.59 ఆంపు. కింద మొలలు రెండూ ఒకే ఎత్తులో లేవు చూడండి, బల్బు తిరగేసి పెట్టకుండా ఉండటానికి అలా చేశారు. బలవంతంగా తిప్పి పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. అలా పెడితే టెయిల్ వేసినప్పుడు బ్రేకంత వెలుగు వస్తుంది, బ్రేకు నొక్కితే గుడ్డిగా వెలుగుతుంది.

మరి మీ బండికి వెనక సిగ్నలు నారింజ రంగులో వేరుగా ఉంటే? చాలా ఎస్‌యూవీలకి, మినీవ్యాన్లకి అలాగే ఉంటుంది. అప్పుడు బ్రేకునీ సిగ్నలునీ కలిపి ఒక్కో తీగలోకి పంపే ఒక చిన్న పెట్టె మధ్యలో ఉండాలి. దాన్నే కన్వర్టరు అంటారు. అది టెయిల్ లైటు వెనకో, డిక్కీ పక్క ప్లాస్టిక్కు లోపలో దాక్కుని ఉంటుంది. కొన్నిటికి బ్యాటరీ నుంచి నేరుగా ఒక కరెంటు తీగ, దాని మీద బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు ఉంటాయి. ఈ ఫ్యూజు సంగతి ఎవరికీ గుర్తుండదు. బండి లైట్లన్నీ శుభ్రంగా వెలుగుతూ, ప్లగ్గు దగ్గర మాత్రం ఏమీ రాకపోతే ముందు దాన్ని చూడండి.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వద్దాం. గ్రౌండు. తెల్ల వైరు. దీని గురించి కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే మీ తలనొప్పిలో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది.

వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి. బ్రౌన్ మీదా పసుపు మీదా ఆకుపచ్చ మీదా వెళ్ళిందంతా తిరిగి వచ్చేది ఒక్క తెల్లదాని మీదే. అది తెగితే ఏమవుతుంది? లైట్లన్నీ ఆరిపోతాయి అనుకుంటారు. అలా ఆరిపోతే బాగుండును, వెంటనే తెలిసేది. పొలంలో తూము పూడిపోతే నీళ్ళు ఊరుకుంటాయా? పక్క గట్టుకి గండి పెట్టుకుని వేరే చేలోకి పోతాయి. కరెంటూ అంతే. ఎడమ సిగ్నలు వేశారు. పసుపు తీగ మీద వచ్చిన కరెంటు పెద్ద ఫిలమెంటు దాటి, గ్రౌండు దొరక్క, చిన్న ఫిలమెంటులోంచి వెనక్కి బ్రౌన్ తీగలోకి ఎక్కుతుంది. ఆ బ్రౌన్ మీదుగా ఎక్కడ దారి దొరికితే అక్కడికి పోతుంది. అందుకని వెలగకూడనివి వెలుగుతాయి.

కాబట్టి లక్షణాలు చూసి పట్టుకోవాలి. ఎడమ సిగ్నలు వేస్తే రెండువైపులా గుడ్డిగా మినుకుమంటున్నాయా? గ్రౌండు. హెడ్‌లైట్లు ఆపి ఉంటే సిగ్నలు కాస్తో కూస్తో పనిచేసి, హెడ్‌లైట్లు వేయగానే చచ్చిపోతోందా? గ్రౌండు. టెయిల్ లైట్లు గుడ్డిగా వెలుగుతూ, బ్రేకు నొక్కగానే మొత్తం ఆరిపోతోందా? గ్రౌండే. అన్ని తీగల్లోనూ ఒకేసారి కరెంటు వచ్చింది, తిరిగి వెళ్ళడానికి ఒక్క దారీ మిగల్లేదు, అందుకని ఆరిపోయాయి. ఎడమ సిగ్నలు వేస్తే ఎడమది వెలక్కుండా కుడి టెయిల్ మాత్రం సన్నగా కొట్టుకుంటోందా? అప్పుడు మొత్తం గ్రౌండు బాగానే ఉంది, ఎడమ లైటు ఒక్కదాని గ్రౌండు పోయింది. ఈ తేడా గమనించండి. ఇలాంటి వింత లక్షణాలకి బల్బులు మార్చి లాభం లేదు.

ఇంకో చిత్రమైనది ఉంది. ఇంటి దగ్గర బాగా వెలుగుతాయి, రోడ్డెక్కగానే గతుకుల మీద ఆరి వెలుగుతుంటాయి. ఎందుకు? తెల్ల వైరు ఎప్పుడో తెగిపోయింది. కరెంటు బండి వెనకున్న హిచ్ బాల్ (ఇనప గుండు) మీదుగా, దాని మీద కూర్చునే ట్రెయిలర్ కప్లర్ మీదుగా తిరిగి వెళ్తోంది. ఇనుముకి ఇనుము తగిలినంతసేపు వెలుగుతుంది, బండి ఎగిరితే ఆరుతుంది. బాల్‌కి గ్రీజు పూస్తే ఇంకా పాడవుతుంది. అలాగని గ్రీజు మానెయ్యకండి, తెల్ల వైరు బాగుచెయ్యండి.

దీన్ని తేల్చే పరీక్ష ఈ తీగ. ఇరవై అడుగుల మామూలు వైరు, రెండు చివర్లా మొసలి క్లిప్పులు. ఒక చివర బండివైపు తెల్ల పిన్నుకి, ఇంకో చివర ట్రెయిలర్ ఫ్రేములో రంగు గీకిన చోట, లేదా వెలగని లైటు గ్రౌండు తీగకే నేరుగా పెట్టండి. లైట్లన్నీ సర్దుకున్నాయా? అంతే, దొంగ దొరికాడు. బండి పిన్నుకి పెట్టినా మార్పు లేకపోతే, బండి ఛాసిస్‌లో ఏదైనా శుభ్రమైన బోల్టుకి పెట్టి చూడండి. ఇప్పుడు వెలిగితే బండిలోపలి తెల్ల వైరే పాడైంది.

తెల్ల వైరు ట్రెయిలర్‌లో ఎక్కడ బిగిస్తారు? ముందు నాలుక దగ్గర, అంటే బండివైపు చాచుకున్న ముందు కడ్డీ దగ్గర, ఫ్రేముకి ఒక స్క్రూతో. తుప్పు పట్టేది అక్కడే. విప్పండి, మెరిసేదాకా సాండ్ పేపర్‌తో గీకండి, కొత్త రింగు టెర్మినల్ వేసి, నక్షత్రం వాషరుతో బిగించి, పైన గ్రీజు పట్టించండి. సర్జ్ బ్రేకులు, అంటే బండి ఆగేటప్పుడు ట్రెయిలర్ ముందుకి తోసే తోపుతోనే పడే బ్రేకులు, ఉన్న ట్రెయిలర్ అయితే జాగ్రత్త. ముందున్న కప్లర్ ముక్క లోపలికీ బయటికీ జారుతుంది కదా, ఆ జారే ముక్కకి గ్రౌండు బిగించకూడదు. దాని వెనక ఉన్న స్థిరమైన ఫ్రేముకి బిగించాలి. గ్యారేజీలో పట్టడం కోసం నాలుక మడిచే ట్రెయిలర్లున్నవాళ్ళు ఆ మడత దగ్గర చూడండి, వైరు నలిగేది అక్కడే.

అల్యూమినియం ట్రెయిలర్లవాళ్ళు ఎంతమంది? మీకు వేరే మాట. అల్యూమినియానికి స్టీలు స్క్రూ బిగిస్తే, అందులోనూ ఉప్పునీళ్ళు తగిలితే, ఆ చోట తెల్లటి పొడిలా తినేస్తుంది. ఫ్రేముని నమ్ముకోవద్దు. ప్రతి లైటు దగ్గరనుంచీ ఒక తెల్ల తీగ ముందుదాకా లాగి ప్లగ్గు తెల్లదాంట్లో కలపండి. ఆ మాటకొస్తే ఇనుప ట్రెయిలర్‌కి కూడా ఇదే మంచి పద్ధతి. ఇంకో యాభై అడుగుల వైరు ఖర్చు, అంతే.

సరే, ఇక పరీక్షల వరస. ముందు బండి. ట్రెయిలర్ ప్లగ్గు పీకెయ్యండి. చేతిలో టెస్ట్ లైటు, అంటే ఒకవైపు మొన, ఇంకోవైపు తీగకి క్లిప్పు, మధ్యలో చిన్న బల్బు ఉన్నది. మల్టీమీటరు ఉంది కదా, ఇదెందుకు అంటారా? మీటరు దాదాపు కరెంటు లాగదు. వైరు లోపల చిలుము పట్టి ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. బల్బున్న టెస్ట్ లైటు కరెంటు లాగుతుంది కాబట్టి నిజం చెప్తుంది. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే 1157 సాకెట్టు ఒకటి కొని రెండు తీగలు కట్టుకోండి, 2.1 ఆంపులు లాగి చూపిస్తుంది.

టెస్ట్ లైటు క్లిప్పు ఎక్కడ పెట్టాలి? అందరూ బంపరుకి పెడతారు. వద్దు. ప్లగ్గులోనే ఉన్న తెల్ల పిన్నుకి పెట్టండి. అప్పుడు గ్రౌండు పరీక్ష కూడా అందులోనే అయిపోతుంది. హెడ్‌లైట్లు వేయండి, బ్రౌన్ వెలగాలి. ఎడమ సిగ్నలు, పసుపు కొట్టుకోవాలి. కుడి సిగ్నలు, ఆకుపచ్చ. బ్రేకు, పసుపూ ఆకుపచ్చా రెండూ నిలకడగా. తర్వాత బ్రేకు తొక్కి ఉంచి ఎడమ సిగ్నలు వేయండి. పసుపు కొట్టుకోవాలి, ఆకుపచ్చ నిలకడగా వెలగాలి. కన్వర్టరు పాడైతే ఈ చివరి పరీక్షలోనే దొరుకుతుంది, చాలామంది చెయ్యనిదీ ఇదే. ఒక్కరే ఉంటే? సీటుకీ బ్రేకు పెడలుకీ మధ్య ఒక కర్ర అడ్డం పెట్టండి. సిగ్నళ్ళకి హజార్డు నొక్కండి. కాకపోతే బ్రేకునీ హజార్డునీ ఒకేసారి పరీక్షించకండి, చాలా బండ్లలో ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది.

ఏదైనా ఒక పిన్ను దగ్గర రాకపోతే ఫ్యూజులు చూడండి. టోయింగ్ ప్యాకేజీతో వచ్చిన ట్రక్కుల్లో ట్రెయిలర్ లైట్ల ఫ్యూజులూ రిలేలూ వేరుగా ఉంటాయి. బండి లైట్లు వెలుగుతున్నాయి కదా, ఫ్యూజు బాగానే ఉందిలే అనుకోకండి. ఓనర్స్ మాన్యువల్‌లో ఫ్యూజు పెట్టె బొమ్మ తీసి ‘ట్రెయిలర్’ అని ఎక్కడెక్కడుందో అన్నీ చూడండి. ఫ్యూజు పీకక్కర్లేదు, దాని నెత్తి మీద రెండు చిన్న ఇనప చుక్కలుంటాయి, టెస్ట్ లైటుతో రెండూ తాకండి. రెండింటా వెలిగితే బాగున్నట్టు. ఒకవైపే వెలిగితే పోయినట్టు.

ఏడు పిన్నుల గుండ్రటి సాకెట్టు ఉన్నవాళ్ళు, దానికి నాలుగు తీగల అడాప్టరు తగిలిస్తారు కదా, అనుమానం ముందు దాని మీద పడాలి. అడాప్టరు పీకి సాకెట్టులోనే పరీక్షించండి. సాకెట్టు మూత తీసి లోపల చూడండి. మన టెక్సాసులో కందిరీగలు అందులో మట్టిగూళ్ళు కడతాయి. నవ్వకండి, నిజం. మట్టి తేమ పీల్చుకుంటుంది, బ్లేడులకి చిలుము పడుతుంది.

కొత్త ట్రక్కులున్నవాళ్ళకి చిన్న హెచ్చరిక. కొన్ని బండ్లు ట్రెయిలర్ ఉందా లేదా అని మధ్యమధ్యలో చిన్న కరెంటు పంపి చూస్తుంటాయి. కొన్నిటిలో టెయిల్ లైట్లకి కరెంటు ముక్కలు ముక్కలుగా వస్తుంది. మీటరులో అంకె గంతులేస్తే కంగారు పడకండి, బల్బున్న టెస్ట్ లైటుతో చూడండి.

బండివైపు అన్నీ వచ్చాయి. అయితే తప్పు ట్రెయిలర్‌లో. ఇప్పుడు బండి అక్కర్లేదు. ఒక 12 వోల్టుల బ్యాటరీ తెచ్చుకోండి, లాన్ మోవర్‌దైనా చాలు. నెగటివు తెల్లదానికి. పాజిటివు నుంచి 10 ఆంపుల ఫ్యూజున్న తీగ. ఫ్యూజు తప్పనిసరి, దాని విషయంలో బేరాల్లేవు. ఇంకో మాట, పైన పడవలో పెట్రోలు ట్యాంకుంది. బ్యాటరీని ట్యాంకుకీ దాని గాలిగొట్టానికీ దూరంగా, ముందు నాలుక దగ్గర, ఆరుబయట పెట్టండి. తీగ తాకించినప్పుడు నిప్పురవ్వ వస్తుంది.

ఆ తీగని బ్రౌన్‌కి తాకించండి, వెనక్కి వెళ్ళి చూడండి. పసుపుకి, మళ్ళీ చూడండి. ఆకుపచ్చకి, మళ్ళీ చూడండి. ఇప్పుడు ఏం వెలగలేదో చూసి తప్పు ఎక్కడుందో చెప్పొచ్చు. ఒక లైటులో బ్రేకు వెలిగి టెయిల్ వెలగకపోతే? గ్రౌండు బాగున్నట్టే, బల్బులో చిన్న ఫిలమెంటైనా పోయింది, లేదా ఆ వైపు బ్రౌన్ తెగింది. అదే వైపు మార్కర్ లైటు చూడండి. మార్కర్ కూడా లేదా? బ్రౌన్ ముందే ఎక్కడో తెగింది. మార్కర్ వెలుగుతోందా? మార్కర్ తర్వాత తెగింది, లేదా బల్బు. కొన్ని కిట్లలో ప్లగ్గు దగ్గరే బ్రౌన్ రెండుగా చీలి రెండువైపులా వెళ్తుంది. కొన్నిటిలో ఒక వైపు వెళ్ళి వెనక అడ్డంగా ఇంకో వైపుకి దాటుతుంది. మీది ఏదో ఒకసారి చూసి పెట్టుకోండి.

అంతా వెలుగుతోంది గానీ గుడ్డిగా ఉంది. అప్పుడు మీటరు బయటికి తియ్యండి. లైటు వెలుగుతుండగా, లైటు గ్రౌండుకీ బ్యాటరీ నెగటివుకీ మధ్య వోల్టేజి చూడండి. అర వోల్టు దాటితే గ్రౌండు దారిలో చిలుముంది. లెక్క కావాలా? 16 గేజి (గేజి అంటే వైరు మందం అంకె) వైరు 25 అడుగులకి నిరోధం, అంటే కరెంటుకి అడ్డు, 0.1 ఓము చుట్టుపక్కల. బ్రేకు ఫిలమెంటు ఒకటి లాగితే 0.2 వోల్టు పోతుంది, అది మామూలే. కానీ ఒక పాడు జాయింటు దగ్గర ఇంకో ఓము చేరిందనుకోండి, దగ్గర దగ్గర 2 వోల్టులు అక్కడే పోతాయి. బల్బు వెలుగు సగానికి పడిపోతుంది. ఒక్క ఓముకే!

ఫ్యూజు పదేపదే పోతోందా? అది షార్టు. పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. చాలామంది ఇక్కడ ఓము మీటరు పెట్టి, దాదాపు సున్నా చూపిస్తోంది, షార్టు దొరికింది అని సంబరపడతారు. కాదండీ. చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం, వెలిగేటప్పటి దాంట్లో పదో వంతే ఉంటుంది. బల్బులన్నీ పీకి అప్పుడు కొలవండి. ఇంతకన్నా సుఖమైన దారి ఒకటుంది. బల్బులు పీకేసి, ఆ ఫ్యూజు బదులు ఈ 1157 బల్బుని వరసలో పెట్టండి. షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, తీగలేమీ కాలవు. వెలుగుతుండగా ఒకరు ట్రెయిలర్ వెంబడి వైరుని కదుపుతూ వెళ్ళండి. ఎక్కడ కదిపితే బల్బు ఆరిందో అక్కడే ఒరిసింది. ఫ్రేములోకి వైరు దూరే రంధ్రాల అంచులు, ఇరుసు పైభాగం, పడవ కూర్చునే చెక్కల బోల్టులు, నాలుక మడత, ముందు ఇవి చూడండి.

ఇక నీళ్ళు. మామూలు సామాన్ల ట్రెయిలర్‌కీ మన ట్రెయిలర్‌కీ తేడా ఇదే కదా, మనం దాన్ని నీళ్ళలో ముంచుతాం. పాత రకం లైట్లకి అద్దం పైనంతా మూసి, అడుగున తెరిచి ఉంటుంది. పగిలిందేమో అనుకుని అడుగున సిలికాను కొట్టకండి! చెంబు బోర్లించి నీళ్ళలో ముంచితే లోపల గాలి నిలబడుతుంది చూశారా, అదే సూత్రం. బల్బు ఆ గాలిలో పొడిగా ఉంటుంది. అడుగు మూసేస్తే లోపలికి చేరిన తేమ బయటికి పోదు. పైన పగులుంటే మాత్రం గాలి నిలవదు, లైటు మార్చాల్సిందే.

పడవ నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గరికి రాగానే ప్లగ్గు పీకండి. ఎందుకు? ఇంతదూరం బ్రేకులు కొట్టుకుంటూ వచ్చారు, బల్బు గాజు కాలిపోతోంది. అలాగే చల్లటి నీళ్ళలో పెడితే పగులుతుంది. పడవ కట్టిన తాళ్ళు విప్పుకునేలోపు అది చల్లారుతుంది. పైగా కరెంటున్న తీగ నీళ్ళలో ఉంటే తుప్పు ఇంకా వేగంగా తింటుంది. గాల్వెస్టన్ వెళ్ళి ఉప్పునీళ్ళలో దింపేవాళ్ళు ఇంటికొచ్చాక మంచినీళ్ళతో లైట్లు, ప్లగ్గు, గ్రౌండు స్క్రూ కడగండి. ప్లగ్గు పిన్నులకి డైఎలక్ట్రిక్ గ్రీజు పల్చగా పూయండి. అది కరెంటు పోనివ్వదు కదా అని ఎవరో అడిగారు ఇందాక. నిజమే, పోనివ్వదు. పిన్ను లోపలికి దూరేటప్పుడు తగిలే చోట అది పక్కకి జరుగుతుంది, మిగతా చోట నీటిని ఆపుతుంది. పల్చగా చాలు, ఆవకాయలో నూనె పోసినట్టు పొయ్యక్కర్లేదు.

జాయింట్ల గురించి ఒక్క మాట. నీలం రంగు ప్లాస్టిక్కుది, వైరు మీద పెట్టి ప్లయరుతో నొక్కేస్తారే, ఆ క్లిప్పులు బోటు ట్రెయిలర్ మీద వద్దు. వైరు తొక్క కోస్తుంది, ఆ కోతలోంచి నీళ్ళు దూరి రాగి పోగుల మధ్య అడుగుల కొద్దీ పాకుతాయి. పైన తొక్క బాగానే ఉంటుంది, లోపల నల్లగా. నల్లబడ్డ రాగికి క్రింపు (నొక్కి బిగించే జాయింటు) పట్టదు, మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి కోసుకుంటూ వెళ్ళండి. తగరం పూత ఉన్న మెరైన్ వైరు, లోపల జిగురుండి, వేడి చేస్తే ముడుచుకునే హీట్ ష్రింక్ కనెక్టర్లు వాడండి. ఎర్రవి 22 నుంచి 18 గేజికి, నీలంవి 16 నుంచి 14కి. క్రింపు చేశాక గట్టిగా లాగి చూడండి. వేడి చేస్తే రెండు చివర్లా జిగురు ఉబికి బయటికి రావాలి, అప్పుడే మూసుకున్నట్టు. ఒట్టి ఎలక్ట్రికల్ టేపు చుట్టడం కన్నా అసలు చుట్టకపోవడం నయం, తడి దాచిపెడుతుంది.

మూడు నాలుగు చోట్ల ఇలా కోస్తూ పోతున్నారంటే ఆపెయ్యండి. వైరింగు మొత్తం మార్చేయండి. పాత వైరు పీకి పారెయ్యకుండా, దాని చివరకి కొత్త వైరునీ ఒక నైలాను తాడునీ కట్టి, పాతదాన్ని ముందునుంచి లాగండి, కొత్తది ఫ్రేము గొట్టంలోంచి దానంతట అదే వస్తుంది. ఆ తాడు లోపలే ఉంచెయ్యండి, మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తుంది. ప్రతి రంధ్రానికీ, అంచు వైరుని కొయ్యకుండా, రబ్బరు గ్రామెట్టు (రింగు). ముందు ప్లగ్గు దగ్గర, బండి పూర్తిగా అటూ ఇటూ తిరిగినా లాగనంత వదులు, రోడ్డుకి మాత్రం తగలకూడదు.

ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి సీలు చేసిన ఎల్ఈడీ లైట్లు పెట్టండి. నా ఓటు వాటికే. ఫిలమెంటు లేదు, పగిలే గాజు లేదు, కరెంటు పదో వంతు చుట్టుపక్కలే లాగుతుంది. కన్వర్టరు మీద భారం తగ్గుతుంది. లెక్క చూడండి, రెండు టెయిల్ ఫిలమెంట్లు 1.18 ఆంపులు, నాలుగు మార్కర్ బల్బులు (194 నంబరువి) 1.08, ఇప్పటికే 2.26. ట్రెయిలర్ వెడల్పు 80 అంగుళాలైనా అంతకు మించినా వెనక మధ్యలో మూడు ఎర్ర లైట్లు కూడా ఉండాలి, అవీ కలపండి. కన్వర్టరు పెట్టె మీద ఎంత మొయ్యగలదో రాసి ఉంటుంది, చదవండి. కాకపోతే ఎల్ఈడీ పెట్టాక కొన్ని బండ్లు ట్రెయిలర్ లేదనుకుంటాయి, లేదా సిగ్నలు గబగబా కొట్టుకుంటుంది. అంత తక్కువ కరెంటుని అవి గుర్తించవు. ఎల్ఈడీకి సరిపడే కన్వర్టరో, కరెంటు ఎక్కువ లాగించే లోడు రెసిస్టరో వెయ్యాలి. రెసిస్టరు బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్కుకి దూరంగా ఇనుముకి బిగించండి. నంబరు ప్లేటుకి వెలుగిచ్చే లైటు ఎడమవైపు దాంట్లో ఉంటుంది, రెండూ కుడివైపువి కొనుక్కుని రావద్దు.

ప్రశ్నలుంటే అడగండి. ఆఁ, చెప్పండి అమ్మా. ప్లగ్గు కదిపితే వెలుగుతోంది, వదిలితే ఆరుతోంది అంటున్నారు. పిన్నులు వదులయ్యాయి. కొన్ని పిన్నులకి మధ్యలో సన్నటి చీలిక ఉంటుంది, అందులో పల్చటి చాకు మొన పెట్టి కొంచెం, కొంచెమే, విడదీయండి. చీలిక లేకపోతే ప్లగ్గు మార్చడమే. మార్చేటప్పుడు నాలుగు జాయింట్లూ ఒకే చోట పడకుండా, ఒక్కోటీ ఒక అంగుళం ఎడంగా కొయ్యండి.

వెనక నుంచి ఎవరో... రివర్సులో ట్రెయిలర్ బిగుసుకుపోతోంది, లైట్లన్నీ బాగున్నాయి. సర్జ్ బ్రేకులేనా? డిస్కులా? డిస్కులు. అయితే మీ ట్రెయిలర్‌కి ఐదు తీగల ప్లగ్గుండాలి, ఐదోది నీలం. రివర్సు గేరు వెయ్యగానే ఆ తీగ మీద కరెంటు వెళ్ళి, ముందు బ్రేకు పెట్టె దగ్గరున్న సోలెనాయిడు (కరెంటుతో పనిచేసే వాల్వు) బ్రేకు పడకుండా ఆపాలి. మీ బండికి నాలుగు తీగలే ఉన్నాయా? అదే సంగతి, కరెంటు వెళ్ళడం లేదు, వెనక్కి తోస్తే బ్రేకు పడుతోంది. రివర్సులో తమంతట తామే వదిలే రకం డ్రమ్ములకి ఇది అక్కర్లేదు, డిస్కులకి కావాలి. బండి రివర్సు లైటు తీగ నుంచి ఐదో తీగ తెచ్చుకోండి. చక్రాలకి అడ్డం పెట్టి, పార్కింగు బ్రేకు వేసి, ఇంజను ఆపి, కీ మాత్రం ఆన్ చేసి రివర్సులో పెట్టి వినండి, సోలెనాయిడు టక్కుమనాలి. ఏడు పిన్నుల సాకెట్టు నుంచి తెచ్చుకునేవాళ్ళు మాత్రం నీలానికి నీలం కలపకండి. ఆ ఏడింటిలో నీలం ఎలక్ట్రిక్ బ్రేకుది. మీకు కావలసిన రివర్సుది మధ్యలో ఉన్న పిన్ను.